మా నాన్నది టెక్స్‌టైల్స్

ఈ రాతలో పేర్లు ఉండవు. మర్యాద కోసం దాచానని మీరు అనుకుంటే నాకు సంతోషమే, కానీ అసలు సంగతి భయం. మేముండే ఫార్మింగ్టన్ హిల్స్‌లో తెలుగువాళ్లు తక్కువేం లేరు. వాళ్లలో చదివే అలవాటున్నవాళ్లూ ఉన్నారు. రేపు ఎవరింట్లోనో భోజనాల దగ్గర ఎవరైనా పక్కకి పిలిచి "మీరు రాసింది చదివామండీ" అంటే ఏ మొహం పెట్టుకోవాలో నాకింకా తెలియదు. యాభైకి దగ్గర పడుతున్నాను, కాలేజీలో పిల్లలకి సాహిత్యం చెబుతాను, అయినా ఈ భయం పోలేదు.

మా నాన్న దర్జీ. అమెరికా వచ్చిన ఇరవై రెండేళ్లలో ఈ మూడు ముక్కలు మా ఆయనకి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఎవరడిగినా "టెక్స్‌టైల్స్‌లో ఉండేవారండీ" అని చెప్పేదాన్ని.

అది మొదలైన రోజు బాగా గుర్తుంది. చదువుకోడానికి వచ్చిన మొదటి వారం, నలుగురు తెలుగమ్మాయిలం ఒకే అపార్ట్‌మెంటులో నేల మీద కూర్చుని మ్యాగీ తింటున్నాం. ఒకమ్మాయి వాళ్ల నాన్న బ్యాంకు మేనేజరు, ఇంకో అమ్మాయి వాళ్ల నాన్న ఇరిగేషన్‌లో ఇంజనీరు. మూడో అమ్మాయి వాళ్లకి రైసు మిల్లులున్నాయి. నా వంతు వచ్చింది. అబద్ధం చెప్పాలని ముందుగా అనుకోలేదు, నోట్లోంచి అదే వచ్చేసింది. పూర్తి అబద్ధమూ కాదు, బట్టలే కదా. ఆ మాట వింటే మిల్లులు కనిపిస్తాయి, గోడౌన్లు కనిపిస్తాయి, కుర్చీలో కూర్చుని సంతకాలు పెట్టే మనిషి కనిపిస్తాడు. మెడలో టేపు వేసుకుని, పెదాల మధ్య గుండుసూదులు పట్టుకుని మిషను తొక్కే మనిషి మాత్రం కనిపించడు. "ఓ, టెక్స్‌టైల్సా" అన్నారు వాళ్లు. ఒకసారి చెప్పాక ఇక మార్చడం కుదరలేదు.

దర్జీ అని చెబితే తర్వాత వచ్చే ప్రశ్న ఏమిటో కూడా నాకు తెలుసు. మనవాళ్లు ఎంత దూరం వచ్చినా ఊరు అడుగుతారు, ఇంటిపేరు అడుగుతారు, ఆ రెండూ చాలకపోతే నాన్న ఏం చేసేవారని అడుగుతారు. మూడూ కలిపి మనసులో ఒక లెక్క వేసుకుని, మనల్ని ఎక్కడ కూర్చోబెట్టాలో నిర్ణయించుకుంటారు. ఎవరూ పైకి ఒక్క మాట అనరు. ఆ తర్వాత ఎందుకో కొన్ని ఫోన్లు రావడం మానేస్తాయి.

మా నాన్న షాపు బస్టాండు రోడ్డులో ఉండేది. ఒక మిషను, ఒక కటింగు బల్ల, ఒక ఇస్త్రీ పెట్టె, గోడకి పాత క్యాలెండర్లు. లేడీస్ అండ్ జెంట్స్ టైలర్ అని ఇంగ్లీషులో ఒక బోర్డు. స్కూలు వదలగానే నేను తిన్నగా షాపుకి వెళ్లి చొక్కాలకి కాజాలు కుట్టేదాన్ని. నా కాజాలు మిషను కాజాలకంటే బాగుంటాయని నాన్న అందరికీ చూపించేవాడు. అప్పట్లో అది నాకు గొప్పగానే ఉండేది. సిగ్గు అన్నది ఏడో తరగతిలో నేర్చుకున్నాను.

మా క్లాసులో ఒక ప్లీడరుగారి అమ్మాయి ఉండేది. ఒక రోజు నేను వక్తృత్వ పోటీలో గెలిచి, కప్పు పట్టుకుని స్టేజీ దిగుతున్నాను. చప్పట్లు ఇంకా ఆగలేదు. ఆ అమ్మాయి నా దగ్గరికొచ్చి, మా నాన్న కుట్టిన గౌను చెయ్యి పైకెత్తి చూపిస్తూ, "మీ నాన్నకి చెప్పవే, ఇక్కడ చంక దగ్గర పట్టేస్తోంది" అంది. చెడుగా అనలేదు. కప్పు చూసి నవ్వింది కూడా. నిజంగానే పట్టేస్తోంది పాపం. సాయంత్రం నాన్న ఆ కుట్టు విప్పి, వదులు చేసి, ఇస్త్రీ చేసి ఇచ్చాడు. నేను పట్టుకెళ్లాను. వాళ్లమ్మ వరండాలోకి వచ్చి ఆ పొట్లం తీసుకుని, లోపలికి తిరిగి, "టైలరు కూతురు వచ్చిందే, వేసుకుని చూసుకో" అని కేకేసింది. కప్పు సంగతి వాళ్ల అమ్మాయి ఇంట్లో చెప్పిందో లేదో తెలియదు. ఆ తర్వాత నేను షాపుకి వెళ్లడం తగ్గించేశాను. చదువు ఎక్కువైందని చెప్పాను. నాన్న నమ్మాడు.

ఇంగ్లీషు ఎం.ఏ. చదివేటప్పుడు ఒక రచయిత నా చేతికి దొరికాడు. విక్టోరియా రాణి కాలం నాటి ఇంగ్లండువాడు. రేవు పట్నంలో పెద్ద పెద్ద ఆఫీసర్లకి సూట్లు కుట్టే ఇంట్లో పుట్టాడు. తాత దర్జీ, తండ్రి దర్జీ. తాత దర్జీ అయినా దొరలా బతికాడట. తండ్రి ఆ షాపుని నిలబెట్టలేకపోయాడు. మనవడు మాత్రం పుస్తకాలు రాసి పెద్దవాడయ్యాడు, గొప్పవాళ్ల ఇళ్లలో భోంచేశాడు, వాళ్లలాగే మాట్లాడాడు. ఎక్కడ పుట్టావని అడిగితే అటూ ఇటూ ఏదో చెప్పి తప్పించుకునేవాడు. ఎవరో ప్రభువుల బిడ్డ అయి ఉంటాడని జనం గుసగుసలాడుకుంటే, అది కాదని చెప్పే శ్రమ తీసుకోలేదంటారు. ఇదంతా మొదటిసారి చదివినప్పుడు లైబ్రరీలో కూర్చున్నదాన్ని తల తిప్పి చుట్టూ చూశాను, ఎవరైనా నన్ను గమనిస్తున్నారేమోనని.

ఆయన మీదే అమెరికాలో పీహెచ్‌డీ చేశాను. రెండువందల యాభై పేజీలు. పరాయివాడి సిగ్గు గురించి ఫుట్‌నోట్లతో సహా రాశాను. ఆయన ఏ ఉత్తరంలో ఏం దాచాడో, ఏ మాట దగ్గర తడబడ్డాడో అన్నీ పట్టుకున్నాను. నా గైడు, ఒక అమెరికన్ పెద్దావిడ, ఒకసారి "ఈ రచయితంటే మీకు ఎందుకింత ఇష్టం" అని అడిగింది. ఆయన వాక్యం బాగుంటుందని చెప్పాను. నిజానికి ఆయన వాక్యం మహా చిక్కుగా ఉంటుంది, ఆ సంగతి ఆవిడకి నాకంటే బాగా తెలుసు. పాపం ఇంకేమీ అడగలేదు.

అమ్మ పోయిన రెండేళ్లకి నాన్న మొదటిసారి మా దగ్గరికి వచ్చాడు, ఆరు నెలలకి. డెబ్బై నాలుగేళ్లు. మనిషి సన్నగా, నిటారుగా ఉంటాడు. తన కోటు తనే కుట్టుకుని వేసుకొచ్చాడు. ఎయిర్‌పోర్టులో మా అమ్మాయి, అప్పటికి దానికి పన్నెండేళ్లు, "తాతయ్యా, యువర్ కోట్ ఈజ్ సో నైస్" అంటే, ఆయన కోటు విప్పి లోపలి లైనింగు చూపించాడు. అసలు పని అక్కడ ఉంటుందని చెప్పాడు. చుట్టూ జనం సూట్‌కేసులు లాక్కుంటూ పోతున్నారు, నాన్న కోటు తిరగేసి పట్టుకుని నిలబడ్డాడు. నేను "నాన్నా, కారెక్కాక చూపిద్దువులే" అన్నాను.

షాపింగ్‌కి తీసుకెళ్తే ఇంకా కష్టం. హ్యాంగరుకి వేలాడుతున్న ప్రతి చొక్కా తిప్పి కుట్టు చూసేవాడు. వేలితో రాసి, అంచు లాగి, పెదవి విరిచేవాడు. "ఇదేంటమ్మా, లోపల గుడ్డే వదల్లేదు. రేపు ఒళ్లు చేస్తే ఈ మనిషి ఏం చేస్తాడు" అనేవాడు. సేల్స్ అమ్మాయి వచ్చి ఏమైనా సాయం కావాలా అని అడిగేది. నేను నవ్వి వద్దని చెప్పి, ఆయన్ని బూట్ల సెక్షనుకి లాక్కెళ్లేదాన్ని. బూట్ల దగ్గర ఆయనకి చూసేదేమీ లేక నిలబడేవాడు.

మా ఆయనకి మాత్రం ఈ ముసలాయన తెగ నచ్చాడు. మా ఆయన కార్ల సీట్లు తయారుచేసే కంపెనీలో ఇంజనీరు. ఒక రోజు ఆఫీసు నుంచి సీటు కవరు శాంపిలు ఒకటి తెచ్చి నాన్న ముందు పెట్టాడు. నాన్న కళ్లజోడు పెట్టుకుని, ముడతలు ఎక్కడ పడతాయో, దారం బిగువు ఎక్కడ ఎక్కువైందో వేలు పెట్టి చూపించాడు. మర్నాడు మా ఆయన ఆఫీసులో ఆ మాటే చెప్పి వచ్చాడు.

"మా మామగారు టైలర్ అని చెప్పా. మా మేనేజర్ అయితే ఆయన్ని ఒకసారి ప్లాంట్‌కి తీసుకురమ్మంటున్నాడు" అన్నాడు భోజనం చేస్తూ.

"తెలుగువాళ్లెవరైనా ఉన్నారా అక్కడ?" అని అడిగాను.

మా ఆయన అన్నం కలుపుతున్నవాడు ఆగి నా వైపు చూశాడు. "లేర్లే" అన్నాడు.

ఆయనకేం, పొలాలున్న ఇంట్లో పుట్టినవాడు. దర్జీ అల్లుణ్ణని చెప్పుకుంటే ఆయన పెద్దమనసు కనబడుతుంది. దర్జీ కూతుర్నని చెప్పుకుంటే నాకేం కనబడుతుంది? ఈ మాట ఆయనతో చాలాసార్లు అన్నాను. ఇందులో కొంత నిజం ఉంది కూడా. కానీ ఆ నిజాన్ని అడ్డం పెట్టుకుని నేను చేసిన పనులు చెబితే నాకే ఎబ్బెట్టుగా ఉంటుంది.

మా ఊళ్లో తెలుగువాళ్లందరికీ పెద్దదిక్కుగా ఒకావిడ ఉంది. భర్త డాక్టరు. ఇక్కడికొచ్చి ముప్పై ఏళ్లు దాటింది. వ్రతాలైనా, బతుకమ్మలైనా, కొత్తగా వచ్చినవాళ్లకి భోజనాలైనా ఆవిడ ఇంట్లోనే. నిజం చెప్పాలంటే చాలా మంచి మనిషి. నాకు ఆపరేషన్ అయినప్పుడు పది రోజులు క్యారేజీ పంపింది. ఆవిడ తండ్రి జమీందారు కాకపోయినా ఇంచుమించు అలాంటివారు, ఆ సంగతి ఆవిడ ఎప్పుడూ చెప్పదు గానీ అందరికీ తెలుసు. ఆవిడ నన్ను "మా ప్రొఫెసర్‌గారు" అని అందరికీ పరిచయం చేస్తుంది. ఆ మాట కోసం నేను ఎంత పడి చచ్చేదాన్నో ఆవిడకి తెలియదు. ఆవిడ డైనింగ్ టేబుల్ దగ్గర నాకొక కుర్చీ ఉంది. దాన్ని పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేదు. ఈ కథంతా ఆ కుర్చీ గురించే.

ఆవిడా మేమూ ఒక పదిహేను కుటుంబాలం కలిసి లైబ్రరీలో నెలకోసారి పుస్తకాల మీటింగు పెట్టుకుంటాం. పిల్లలు వస్తారు, లైబ్రరీ వాళ్లూ ఒకరిద్దరు వస్తారు, అందుకని మాటలు ఇంగ్లీషులోనే. ఆ ఏప్రిల్‌లో నా వంతు వచ్చింది. నాకు బాగా తెలిసినవాడు ఒక్కడే, ఆ దర్జీ కొడుకు. పైకి రావడం, పైకొచ్చాక అక్కడ ఇమడటం, దానికోసం వదులుకున్నవి, ఇదీ నా ఉపన్యాసం. నాన్నని ఇంట్లో వదిలి వెళ్దామనుకున్నాను. "ఇంగ్లీషులో ఉంటుంది నాన్నా, విసుగొస్తుంది" అన్నాను. "నీ మాటలు అర్థం కాకపోతే ఏం, నువ్వు మాట్లాడుతుంటే చూస్తా" అన్నాడు. శనివారం మధ్యాహ్నం ఆ కోటే వేసుకుని, తల దువ్వుకుని, అందరికంటే ముందే కారు దగ్గర నిలబడ్డాడు.

ఇంట్లో నేను ఆయన్ని నాన్నా, నువ్వు అని పిలుస్తాను. నలుగురిలో మాత్రం నాన్నగారు, మీరు. పెద్దింటి ఆడపిల్లలు అలా పిలుస్తారని వాళ్లని చూసి నేర్చుకున్నాను. లైబ్రరీ గుమ్మం దాటగానే "ఇక్కడ కూర్చోండి నాన్నగారూ" అన్నాను. ఆయన ముందు వరుసలో కూర్చున్నాడు.

నాన్నకి ఇంగ్లీషు రాదు. షాపు ఇంగ్లీషు వచ్చు. షోల్డరు, చెస్టు, కాలరు, ఫిట్టింగు, ట్రయలు, డెలివరీ. మాస్టరు అనే మాట తెలుసు, ఫాదరు, సన్ను తెలుసు. అన్నిటికంటే బాగా తెలిసిన మాట టైలర్. తన బోర్డు మీద యాభై ఏళ్లు చూసుకున్న మాట. ఆ ముప్పావుగంటలో నేను ఆ మాట ఎన్నిసార్లు అన్నానో లెక్కపెట్టలేదు. ద టైలర్స్ సన్. హిజ్ ఫాదర్ ద టైలర్. ఆయన మొదట కొంచెం ముందుకి వంగాడు. తర్వాత కాలరు సర్దుకున్నాడు. తర్వాత రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని తల దించుకుని కూర్చున్నాడు, అందరి ముందూ పొగుడుతుంటే పెద్దవాళ్లు కూర్చునే పద్ధతిలో. నేను చూస్తూనే ఉన్నాను. నిద్ర వస్తోందేమో అనుకుని మాట్లాడుతూ పోయాను. షేమ్ అన్న మాట కూడా చాలాసార్లు అన్నాను. ఆ మాట ఆయనకి తెలియదు.

అయిపోయాక సమోసాలు, టీ దగ్గర అందరూ నిలబడ్డారు. ఆవిడ మా నాన్న దగ్గరికి వచ్చింది. నేను పక్కనే ఉన్నాను.

"అంకుల్, మీ అమ్మాయి ఎంత బాగా ప్రెజెంట్ చేసిందండీ. మీకు చాలా ప్రౌడ్‌గా ఉండుంటుంది" అంది.

నాన్న టీ కప్పు బల్ల మీద పెట్టి రెండు చేతులూ జోడించాడు. కళ్లు తడిగా ఉన్నాయి. "ఏదోనమ్మా. నా గురించి ఇంతసేపు చెబుద్దని నేననుకోలా. ఇంతమంది పెద్దోళ్ల ముందు చెప్పాల్సిన పనేముందమ్మా, దర్జీ పనేగా. చిన్నప్పుడు చాలా కష్టపడిందమ్మా, కాజాలు కూడా..."

"మీ గురించా?" ఆవిడకి అర్థం కాలేదు. నవ్వుతూనే నా వైపు తిరిగింది.

ఆ నిమిషంలో నేను అవును అంటే సరిపోయేది. అవునండీ, మా నాన్న దర్జీ, ఇందాక చెప్పిందంతా మా ఇంటి కథే అంటే, ఆ ఉపన్యాసం మొత్తానికీ అదే మంచి ముగింపు. బహుశా ఆవిడ ఆయన చేతులు పట్టుకునేది కూడా. ఇవన్నీ తర్వాత తట్టాయి. అప్పుడు తట్టింది ఒక్కటే, ఆవిడకి తెలిసిపోతోంది అని. నేను నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే నాకు ఇప్పటికీ తల తీసేసినట్టు ఉంటుంది.

"నాన్నగారు ఇంగ్లీష్ అంతగా ఫాలో అవ్వరండీ. ఆ రైటర్ వాళ్ల ఫాదర్ గురించి చెప్తుంటే కన్ఫ్యూజ్ అయ్యారు. నాన్నగారిది టెక్స్‌టైల్స్ కదా" అన్నాను.

నాన్న నన్ను చూశాడు. కోపంగా కాదు. ట్రయలుకి వచ్చిన మనిషి అద్దం ముందు నిలబడితే, ఎక్కడ సరిపోలేదో వెతుకుతూ చూసే చూపు అది. అంత చూసి, ఆవిడ వైపు తిరిగి, "అవునమ్మా. టెక్స్‌టైల్సు. నేనే పొరబడ్డా" అన్నాడు. టీ కప్పు తీసుకుని తాగాడు. ఆవిడ నవ్వేసి, సమోసా తీసుకోమని బలవంతం చేసింది.

మా ఆయన, అమ్మాయి వేరే కారులో వెళ్లారు. నాన్నా నేనూ ఒక కారులో. గ్రాండ్ రివర్ రోడ్డు మీద ప్రతి సిగ్నలూ ఎర్రగానే దొరికింది. నేను ఏదో ఒకటి చెప్పాలని నోరు తెరిచేసరికి ఆయనే అడిగాడు.

"అయితే ఆ దర్జీ ఎవరమ్మా?"

చెప్పాను. రచయిత, ఆయన తాత, తండ్రి, మునిగిపోయిన షాపు. తెలుగులో చెబితే రెండు నిమిషాల్లో అయిపోయింది. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"వాళ్ల నాన్న ఏమయ్యాడు చివరికి?"

"వేరే దేశం వెళ్లి అక్కడ షాపు పెట్టుకున్నాడు నాన్నా. కొడుకు ఒక పుస్తకం రాశాడు, దర్జీల ఇంటి గురించి, కొంచెం వెటకారంగా. అది ఆయన చదివాడట."

"చదివి?"

"బాధపడ్డాడట. షాపుకొచ్చినవాళ్లతో చెప్పుకున్నాడని ఎక్కడో రాశారు."

"పడతాడు మరి" అన్నాడు నాన్న. ఇల్లు వచ్చే ముందు, "నువ్వు నాకు ముందే చెప్పాల్సిందమ్మా, ఇక్కడ అట్టా చెప్పావని. చెబితే నేనూ అదే చెప్పేవాణ్ణిగా. అనవసరంగా నీ మాట పోబోయింది" అన్నాడు.

తిట్టినా బాగుండేది. నేను స్టీరింగు పట్టుకుని ఏడ్చాను. ఆయన నా భుజం తట్టి, పచ్చ సిగ్నలు పడిందని చెప్పాడు. ఆ సాయంత్రమే ఆవిడకి ఫోను చేసి నిజం చెప్పేద్దామనుకున్నాను. ఆదివారం చేద్దామనుకున్నాను. సోమవారం నాకు క్లాసులున్నాయి.

మూడు వారాల తర్వాత ఆవిడ కూతురి నిశ్చితార్థం, వాళ్లింట్లోనే. అరవై మంది దాకా వచ్చారు. పొద్దున పదకొండున్నరకి ముహూర్తం. అప్పటికింకా ముప్పావుగంట ఉందనగా ఆవిడ మేడ మీదనుంచి గబగబా దిగి వచ్చింది. చేతిలో పెళ్లికూతురి పట్టు జాకెట్టు. కొలతలు వాట్సాప్‌లో పంపి హైదరాబాదులో కుట్టించింది. అమ్మాయి వేసుకుని చేతులెత్తగానే పక్క కుట్టు చంక నుంచి నడుము దాకా విడిపోయింది. అమ్మాయి పైన దుప్పటి కప్పుకుని కూర్చుని ఏడుస్తోందట.

"ఎవరికైనా స్టిచింగ్ వచ్చా? ఎవరికైనా?" అని హాల్లో అందరినీ అడిగింది. ఇంజనీర్లు, డాక్టర్లు, ప్రాజెక్ట్ మేనేజర్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరో అమెజాన్‌లో ఆర్డరు పెడితే ఎప్పటికొస్తుందో చూస్తున్నారు. ఆవిడ చూపు సోఫాలో కూర్చున్న నాన్న మీద పడింది.

"అంకుల్, మీది టెక్స్‌టైల్స్ కదా. మీకేమైనా ఐడియా ఉందా? ఒక్కసారి చూడరూ" అని ఆ జాకెట్టు ఆయన చేతుల్లో పెట్టింది.

ఆయన చేతులు ఆయన కంటే ముందే పని మొదలుపెట్టాయి. బొటనవేలు దానంతటది కుట్టు లోపలికి వెళ్లింది, పట్టు అంచు తిరగబడింది, లోపల గుడ్డ ఎంత వదిలారో కొలిచింది. రెండు వేళ్ల గుడ్డ ఉంది. నిలబడ్డచోటునుంచి నాకే కనిపించింది. ఇరవై నిమిషాల పని. నాకే వచ్చు ఆ పని, నేనే చేయగలను. గదికి అటువైపునుంచి మా ఆయన నన్నే చూస్తున్నాడు.

నాన్న వేళ్లు ఆగిపోయాయి. జాకెట్టుని జాగ్రత్తగా మడత పెట్టి ఆవిడ చేతికి తిరిగి ఇచ్చాడు. "నాకు సూదిలో దారం ఎక్కించడం కూడా రాదమ్మా. మాదంతా ఆఫీసు పని" అన్నాడు. నా వైపు చూడలేదు. చూస్తే నేను ఎక్కడ దొరికిపోతానో అని చూడలేదు.

గదంతా నిశ్శబ్దంగా ఏమీ లేదు, పిల్లలు అరుస్తున్నారు, వంటింట్లో గిన్నెలు మోగుతున్నాయి. నేను మాట్లాడితే అందరికీ వినబడేది. నేను మాట్లాడాను కూడా.

"సేఫ్టీ పిన్నులు ఉన్నాయా అండీ? పదండి, నేను పెడతాను" అన్నాను.

పదమూడు పిన్నులు పెట్టాం. పైట కప్పితే బయటికి కనబడలేదు. అమ్మాయి ఉంగరం మార్చుకునేటప్పుడు చెయ్యి ఎత్తకుండా జాగ్రత్తపడింది. నాన్న ఆఖరి వరుసలో కూర్చుని అక్షింతలు వేశాడు, పంక్తిలో మెల్లగా భోంచేశాడు, ఎవరు పలకరించినా చేతులు జోడించి నవ్వాడు. వెళ్లేటప్పుడు ఆవిడ గుమ్మం దాకా వచ్చి నాకు బొట్టు పెట్టి, తాంబూలం చేతిలో పెట్టి, కారు వైపు నడుస్తున్న నాన్నని చూస్తూ అంది.

"మీ నాన్నగారు ఎంత డిగ్నిఫైడ్‌గా ఉంటారండీ. ఆ హుందాతనం పుట్టుకతో రావాలి."

"థాంక్సండీ" అన్నాను.